షార్ట్ సర్క్యూట్ అంటే సరిపోతదా? వైరు ఎవలు గుంజిండ్రో అడగొద్దా?

ఏ బిల్డింగ్ కాలినా మొదటి రోజు మనకు వినిపించే మాట ఒక్కటే: షార్ట్ సర్క్యూట్. ఫైర్ ఇంజన్ కొట్టిన నీళ్లు ఆరకముందే టీవీల స్క్రోలింగ్ మొదలైతది. తెల్లారి పేపర్ల 'ప్రాథమికంగా షార్ట్ సర్క్యూటే కారణమని భావిస్తున్నరు' అని అచ్చయితది. ఆ తర్వాత ఎక్స్‌గ్రేషియా, ఒక కమిటీ, నాలుగు నోటీసులు. ముచ్చట ఖతం.

నేను ఐటీఐల ఎలక్ట్రీషియన్ చదివి, షాపింగ్ కాంప్లెక్సులల్ల, ఫంక్షన్ హాళ్లల్ల, ప్రైవేటు దవాఖానలల్ల వైరింగ్ పని చేసుకుంట బతుకుతున్నోణ్ణి. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒక్కటే అనిపిస్తది. మనిషి ఎట్ల సచ్చిపోయిండు అంటే 'గుండె ఆగింది' అన్నట్టున్నది ఇది. సచ్చినోళ్లందరి గుండె ఆగుతది. ఎందుకు ఆగిందన్నదే కదా అడగాల్సింది?

జర గుర్తు చేసుకుందాం. 2020 ఆగస్టు 9, విజయవాడ స్వర్ణ ప్యాలెస్ హోటల్. కరోనా పేషెంట్లను పెట్టిన ఆ హోటల్ల 10 మంది పోయిండ్రు. 2023 మార్చి 16, సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్. ఆరుగురు. 2025 మే 18, చార్మినార్ పక్కన గుల్జార్ హౌజ్. ఒకే కుటుంబానికి చెందిన 17 మంది, అండ్ల చిన్న పిల్లలే 8 మంది. మూడు కాడలా మొదలు చెప్పిన మాట షార్ట్ సర్క్యూటే.

స్వప్నలోక్‌ల పోయిన ఆరుగురు ఎవలు? వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం దిక్కుకెళ్లి కొలువు కోసం పట్నం పోయిన పిల్లలు. అందరూ ఇరవైల్లో ఉన్నోళ్లే. మంట అంటుకుని కాదు, పొగల ఊపిరి ఆడక పోయిండ్రు. ఇటు ఆ బిల్డింగులల్ల వైర్లు గుంజే హెల్పర్లు కూడా చానామంది మన ఊర్లకెళ్లి పోయిన పోరగాళ్లే. అందుకే ఈ కమర్షియల్ వైరింగ్ అనేది ఇంజనీర్ల ముచ్చట, మనకెందుకు అని ఇడిసిపెట్టేది కాదు. పనిచేసేది మనమే, ఆ గదులల్ల కూసునేదీ మనమే.

వైరు లోపల జరిగేది

వైర్ల కరెంటు పారితే వేడి పుడతది. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలైతది. మూడింతలైతే తొమ్మిదింతలు. ఐటీఐ మొదటి ఏడాదిల చెప్పే లెక్క ఇది. కానీ పరీక్షల రాసి మర్చిపోతరు, పనికాడ ఎవలూ గుర్తు చెయ్యరు.

ఒక మండల కేంద్రంల బట్టల షాపు అనుకోండ్రి. ఒకటిన్నర టన్ను ఏసీలు రెండు. ఒక్కోటి 1,800 వాట్ల లెక్కన 3,600. లైట్లు 40, ఒక్కోటి 15 వాట్లు, మొత్తం 600. ఫ్యాన్లు ఆరు, 70 వాట్ల లెక్కన 420. బిల్లింగ్ కంప్యూటర్, ప్రింటర్, సీసీ కెమెరాలకు ఒక 400. ఇస్త్రీ పెట్టె 1,000. అన్నీ కలిపితే 6,020 వాట్లు. దాన్ని 230 వోల్టులతోని భాగిస్తే 26 ఆంపియర్లు. పవర్ ఫ్యాక్టర్ 0.9 పట్టుకుంటే 29 ఆంపియర్లు.

ఇప్పుడు గోడ పైపుల పోయే 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు తీసుకోండ్రి. అది మోసేది ఇంచుమించు 20 ఆంపియర్లు. ఎండకాలం ఉక్కపోతల, ఒకటే పైపుల నాలుగైదు వైర్లు కుక్కితే ఇంకా తక్కువ మోస్తది. ఆ వైరు మీద 29 ఆంపియర్లు నడిపితే పుట్టే వేడి రెండింతలు దాటుతది. అదే షాపుకు త్రీ ఫేజ్ మీటర్ పెట్టి, లోడును మూడు ఫేజులకు సమానంగ పంచితే ఒక్కో ఫేజు మీద పది ఆంపియర్లు కూడా దాటవు. సామాను అదే, షాపు అదే. లెక్క వేసినోడు ఉన్నడా లేడా అన్నదే తేడా.

ఊర్లల్ల ఏం జరుగుతున్నదంటే, పదేండ్ల కింద రెండు షట్టర్ల ఇల్లు కట్టిండ్రు. నాలుగు ట్యూబులైట్లు, రెండు ఫ్యాన్ల కోసం వైరు గుంజిండ్రు. ఆ షట్టరే ఇప్పుడు మొబైల్ షాపు అయ్యింది, పైన జిమ్ వచ్చింది, దాని పైన కోచింగ్ సెంటరో, ల్యాబో వచ్చింది. కిరాయి పెరిగింది, బోర్డు మారింది, ఏసీలు బిగిచ్చిండ్రు. గోడ లోపలి వైరు మాత్రం పాతదే. కొన్ని కాడ మీటర్ కూడా ఇంటి కేటగిరీదే, లోడు పెంచుకుంటమని కరెంటు ఆఫీసుల దరఖాస్తు కూడా పెట్టరు. కాగితం మీద అది ఇంకా ఇల్లే. లోపల మాత్రం పొద్దుందాక ఏసీలు నడుస్తుంటయ్.

ఎంసీబీ సూసేది, సూడనిది

'ఎంసీబీ ఉన్నది కదా, పడిపోతది కదా' అంటరు. ఎంసీబీ కాపాడేది వైరును. అందుకే వైరు మోసే బరువు కన్నా ఎంసీబీ రేటింగ్ ఎప్పుడూ తక్కువనే ఉండాలె. 20 మోసే వైరుకు 16 ఆంపియర్ల ఎంసీబీ పెడితే అది కాపలా ఉన్నట్టు.

కానీ ఏసీ ఆన్ చేసినప్పుడల్లా ఎంసీబీ పడుతున్నదని షాపాయన లొల్లి పెడతడు. వచ్చిన పోరడు 16 తీసి 32 పెట్టి పోతడు. ఇగ పడది. సేటు ఖుష్. అసలు ఏం జరిగింది? ఎంసీబీ స్టాండర్డు ఏం చెప్తదంటే, రేటింగ్‌కు 1.45 రెట్లు కరెంటు పోతే గంట లోపల్నే పడాలె. అంటే 32 ఆంపియర్ల ఎంసీబీ మీద 40 ఆంపియర్లు పోయినా గంట దాటినంక కూడా పడకుండ ఉండొచ్చు, అది దాని తప్పు కాదు. ఆ సేపంతా 20 మోసే వైరు 40 మోస్తుంటది. రెండింతల కరెంటు, నాలుగింతల వేడి. పైన తొడిగిన పీవీసీ మెత్తవడతది, తర్వాత ఎండిపోయి పగులుతది. ఒకనాడు రెండు వైర్లు తాకుతయ్. అప్పుడు పేపరోళ్లు రాసేది షార్ట్ సర్క్యూట్ అనే. నిజానికి ఆ బిల్డింగ్ కాలుడు మొదలైంది 32 ఎంసీబీ బిగించిన దినాన.

ఇంకొకటి ఉన్నది, అది ఎంసీబీకి అస్సలు కనపడది. వదులు జాయింటు. స్క్రూ సగం తిప్పి ఇడిసిన కాడ, లగ్ ఒత్తకుండ వైరు చుట్టి టేపు వేసిన కాడ, అల్యూమినియం సర్వీసు వైరుకు రాగి వైరు మెలిపెట్టిన కాడ అడ్డంకి పెరుగుతది. ఒక జాయింటు కాడ 0.1 ఓమ్ అడ్డంకి ఉన్నది, 15 ఆంపియర్లు పోతున్నయ్ అనుకోండ్రి. అక్కడ పుట్టే వేడి 22 వాట్ల పైనే. మొబైల్ రిపేర్ షాపుల సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు ఉంటది. అంటే ఫాల్స్ సీలింగ్ పైన, ప్లైవుడ్ పక్కన, ఒక సోల్డరింగ్ ఐరన్ ఆన్ చేసి మర్చిపోయినట్టు. కరెంటు లిమిట్‌ల్నే ఉన్నది కాబట్టి ఎంసీబీ నిమ్మలంగ కూసుంటది.

సుత్తెతోని కొట్టిన లగ్, 59 ప్రాణాలు

ఇదేదో భయపెట్టుడుకు చెప్తున్నది కాదు. మన దేశంల కోర్టుల దాకా పోయి తేలిన కేసు ఉన్నది. 1997 జూన్ 13, ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్. ఆ బిల్డింగ్ కింది ఫ్లోర్‌ల కరెంటు బోర్డు ట్రాన్స్‌ఫార్మర్ ఉండె. పొద్దున దాంట్ల చిన్న మంట వచ్చింది. రిపేర్‌కు వచ్చినోళ్లు కాలిపోయిన కేబుల్ లగ్‌లు మార్చిండ్రు. లగ్‌ను కేబుల్‌కు గట్టిగ ఒత్తాల్నంటే క్రింపింగ్ మిషన్ కావాలె. అది వాడలేదు. డై పెట్టి సుత్తెతోని కొట్టి పని కానిచ్చిండ్రు.

సాయంత్రం షో నడుస్తున్నది. వదులున్న కనెక్షన్ కాడ నిప్పురవ్వలు లేసినయ్, కేబుల్ ఊడి ట్రాన్స్‌ఫార్మర్ రేడియేటర్ మీద పడ్డది, దానికి బొక్క పడి నూనె కారింది, అంటుకున్నది. పొగ మెట్ల మీదికెళ్లి, ఏసీ గాలి దారులకెళ్లి బాల్కనీల నిండింది. 59 మంది ఊపిరాడక పోయిండ్రు. హాల్ ఓనర్లతోని పాటు రిపేర్ చేసిన కరెంటోళ్ల మీద కూడా నేరం రుజువైంది.

ఈ కేసుల రెండు ముచ్చట్లు మనం పట్టుకోవాలె. ఒకటి, 'షార్ట్ సర్క్యూట్' అనే మాట కాడ ఆగకుండ ఎన్క తవ్వితే ఏ లగ్, ఏ పనిముట్టు, ఏ పూట అన్నది దొరుకుతది. దొరకదు అనేది అబద్ధం. రెండు, మనుషులను సంపింది పొగ. పీవీసీ కాలితే వచ్చే పొగల ఆమ్లపు గ్యాస్ ఉంటది, కండ్లు తెరవనియ్యది, గొంతు పట్టేస్తది. అందుకే జనం గుమిగూడే బిల్డింగులల్ల తక్కువ పొగ వచ్చే ఎఫ్ఆర్ఎల్ఎస్ వైర్లు, ఇంకా మంచివైతే హాలోజన్ లేని వైర్లు వాడాలంటరు. అందుకే ఒక ఫ్లోర్‌కెళ్లి ఇంకో ఫ్లోర్‌కు కేబుల్స్ పోయే బొక్కను మంట ఆపే సామానుతోని మూసేయాలె. మూయకపోతే ఆ షాఫ్ట్ పొగగొట్టం లెక్క పనిచేస్తది. కింద అంటుకున్నది నిమిషాలల్ల ఐదో అంతస్తుకు చేరుతది.

న్యూట్రల్, ఎర్త్: కనపడని ఇద్దరు

ఇండ్లల్ల పనిచేసినోడు కాంప్లెక్సుకు పోతే మొదలు తప్పేది న్యూట్రల్ కాడనే. త్రీ ఫేజ్‌ల మూడు ఫేజుల లోడు సమానంగ ఉంటే న్యూట్రల్‌ల కరెంటు ఉండది అని సదువుకున్నం. పాత మోటర్లు, హీటర్ల కాలంల అది నిజమే. ఇప్పటి షాపులల్ల ఉన్నవి ఎల్ఈడీ డ్రైవర్లు, కంప్యూటర్లు, యూపీఎస్‌లు. ఇవి కరెంటును సాఫుగ తీసుకోవు, ముక్కలు ముక్కలుగ గుంజుతయ్. ఆ ముక్కలు మూడు ఫేజులకెళ్లి వచ్చి న్యూట్రల్‌ల ఒకదాంతోని ఒకటి కొట్టుకుపోకుండ జమ అయితయ్. అందుకని కమర్షియల్ పనిల న్యూట్రల్ సైజు ఫేజు కన్నా తక్కువ పెట్టొద్దు. సగం సైజు న్యూట్రల్ పెడితే వేడయ్యేది అదే.

న్యూట్రల్ ఊడితే ఏమైతదో మన ఊర్లల్ల ఎవలికీ కొత్తగ చెప్పక్కర్లేదు. ట్రాన్స్‌ఫార్మర్ కాడ న్యూట్రల్ పోయిన దినాన వాడకట్టు వాడకట్టు టీవీలు కాలిపోయినయ్ అని వింటనే ఉంటం. 230 రావాల్సిన కాడ 400 దాకా వస్తది. కాంప్లెక్సుల మెయిన్ ప్యానెల్ కాడ న్యూట్రల్ వదులైతే అదే పని బిల్డింగ్ లోపల జరుగుతది.

ఇగ ఎర్త్. పచ్చ వైరు లేకున్నా లైటు వెలుగుతది, ఏసీ నడుస్తది. అందుకే మొదలు కోత పడేది దాని మీదనే. ఫ్రిజ్ బాడీకి కరెంటు వస్తే ఎర్త్ వైరు దాన్ని భూమిలకు గుంజి ఎంసీబీని పడగొడతది. ఎర్త్ లేకపోతే ముట్టుకున్న మనిషే ఆ దారి అయితడు. ఆర్‌సీసీబీ అనే పరికరం పోయిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు రెండూ సమానమా అని సూస్తది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే కట్ చేస్తది. 30 మిల్లీ ఆంపియర్లు అంటే ఒక ఆంపియర్‌ల వందల మూడు వంతులు. మనిషి ప్రాణం ఆ లెక్క కాడనే ఉంటది, ఎంసీబీ 16 ఆంపియర్లు దాటితే గాని లేవది. రెండూ ఉండాలె, ఒకటి ఇంకోదాని పని చెయ్యది.

పాయింట్ రేటు రాజకీయం

ఇంత చెప్పినంక 'మరి పోరగాళ్లు ఎందుకు గిట్ల చేస్తున్నరు?' అని అడగొచ్చు. నేర్చుకోక అని ఒక్క ముక్కల చెప్పి తప్పించుకోవద్దు. పైసల లెక్క సూడాలె.

వైరింగ్ పనికి మన కాడ కూలి ఎట్ల ఇస్తరు? పాయింట్‌కు ఇంత అని. లైటు ఒక పాయింటు, ఫ్యాను ఒక పాయింటు, సాకెట్ ఒక పాయింటు. ఓనర్ వచ్చి లెక్క పెట్టుకుని పైసలిస్తడు. మరి జాయింటు గట్టిగ ఒత్తితే ఏ పాయింటు? ఎర్త్ గుంత తవ్వి, రెసిస్టెన్స్ కొలిస్తే ఏ పాయింటు? లోడు లెక్కేసి మూడు ఫేజులకు పంచితే, పని అయినంక మెగ్గర్‌తోని టెస్ట్ చేస్తే ఏ పాయింటు? ఏ లెక్కల రావు. అంటే ప్రాణాలు కాపాడే పని మొత్తం ఉత్తగ చెయ్యాల్సిన పని అయ్యింది. కంటికి కనపడేదానికే కూలి ఉన్నది.

ఓనర్ కాంట్రాక్టర్‌కు ఇస్తడు, కాంట్రాక్టర్ మేస్త్రికి సబ్‌కు ఇస్తడు, మేస్త్రి ఇద్దరు హెల్పర్లను పెడతడు. ఒక్కో మెట్టు కాడ కొంత తగ్గుతది. ఆఖరుకు గోడ కట్ చేసి వైరు గుంజేది ఇంటర్ ఫెయిలై వచ్చిన పద్దెనిమిదేండ్ల పోరడు. వానికి చెప్పింది 'ఎర్రది ఈడ పెట్టు, నల్లది ఆడ పెట్టు' అని మాత్రమే. ఎందుకు పెట్టాలెనో చెప్పేటంత పురుసత్ మేస్త్రికి లేదు. నాలుగేండ్లు గడిస్తే ఆ పోరడే మేస్త్రి అయితడు, వాడూ గదే చెప్తడు. ఫాల్స్ సీలింగ్ పని లేటైతే దాని దండుగ కూడా వీళ్ల మీదనే పడతది, అందుకని టెస్టింగ్ పేరు ఎత్తితే 'ఇప్పుడేం టెస్టింగ్, లైటు వెలిగింది కదా' అంటరు. నేను పనిచేసిన సైట్లల్ల ఈ మాట ఎన్నిసార్లు విన్ననో లెక్క లేదు.

రూల్ ఉన్నది, దారిల సగం కాడ ఆగింది

చట్టం లేదా అంటే ఉన్నది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు 2010ల ఉండె, 2023ల కొత్తవి వచ్చినయ్. వాటి ప్రకారం బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు మార్చుడు అసోంటి చిన్న పనులు తప్ప, వైరింగ్ పని ఏదైనా లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరే చెయ్యాలె. సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజర్ దగ్గరుండాలె. పని చేసేటోడికి పర్మిట్ ఉండాలె. ముగ్గురు మనుషులు, మూడు కాగితాలు. 15 మీటర్ల ఎత్తు దాటిన బిల్డింగులకు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ తనిఖీ, ఫ్లోర్ ఫ్లోర్‌కు కేబుల్ షాఫ్ట్‌ల మంట అడ్డుకునే ఏర్పాటు ఉండాలని కూడా ఉన్నది.

నడుస్తున్నది ఏందంటే, లైసెన్స్ ఉన్నాయన సంతకం ఒక కాడ ఉంటది, పని చేసిన పోరడు ఇంకో కాడ ఉంటడు. చానా కాడ ఇద్దరూ ఒకరి మొఖం ఒకరు సూసి ఉండరు. టెస్ట్ రిపోర్ట్ కాగితం మీద నంబర్లు నిండుతయ్, మెగ్గర్ మాత్రం సంచిలకెళ్లి బయటికి రాది. ఇగ మన మండల కేంద్రాలల్ల లేసే జీ ప్లస్ టూ, జీ ప్లస్ త్రీ కాంప్లెక్సులు చానామట్టుకు 15 మీటర్ల లోపల్నే ఉంటయ్ కాబట్టి ఆ పెద్ద బిల్డింగుల తనిఖీ లెక్కలకు రావు. జనం మాత్రం అండ్ల ఎక్కువనే తిరుగుతరు. కోచింగ్ సెంటర్, పిల్లల దవాఖాన, ఫంక్షన్ హాల్ అన్నీ గసోంటి బిల్డింగులల్లనే ఉన్నయ్.

మనోళ్లకు పని రాక ఇట్ల అయితున్నదంటే నేను ఒప్పుకోను. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల దిక్కుకెళ్లి దుబాయ్ పోయిన ఎలక్ట్రీషియన్లను అడుగుండ్రి. అక్కడ దేవా అనే ప్రభుత్వ కరెంటు సంస్థ ఉంటది. ఆ సంస్థోళ్లు వచ్చి సూసి, సరే అంటెనే బిల్డింగ్‌కు కనెక్షన్ వస్తది. ప్యానెల్‌కు తాళమేసి, ట్యాగ్ తగిలిచ్చి, కరెంటు లేదని కొలిచినంకనే చెయ్యి పెడతరు. ఈడ టేపు చుట్టిన చెయ్యే ఆడ లగ్ ఒత్తుతది. అడిగేటోడు ఉన్న కాడ పని మారుతది.

నేర్చుకునుడు ఎట్ల?

2024ల రాష్ట్ర సర్కారు 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తోని కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగ మార్చే పని మొదలుపెట్టింది. రోబోటిక్స్, సీఎన్‌సీ, ఎలక్ట్రిక్ బండ్ల కోర్సులు అన్నరు. మంచిదే, వద్దనేది లేదు. కానీ రోబో బిగించిన షెడ్డుకు కూడా మెయిన్ ప్యానెల్ ఉంటది, ఎర్త్ ఉంటది. రెండేండ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌ల పిల్లగాడు చెక్క బోర్డు మీద రెండు లైట్లు, ఒక సాకెట్ బిగించి బయటికి వస్తున్న కాలేజీలు ఇంకా ఉన్నయ్. ప్రతి ఐటీఐల ఒక నిజం సైజు గదిల త్రీ ఫేజ్ ప్యానెల్, బస్‌బార్, ఫ్లోర్ డీబీలు, కేబుల్ ట్రే, ఫైర్ అలారం లైను పెట్టి, విప్పి మళ్లా బిగించే అవకాశం ఇస్తే వచ్చే లాభం చిన్నది కాదు. ఆ ట్రేడ్ పాసైనోడికి పర్మిట్ చేతికి ఎట్ల వస్తదో కాలేజీల్నే చెప్పి దరఖాస్తు పెట్టిచ్చాలె.

సర్కారు చేసేదాకా ఆగుదామా? తమ్మీ, చెల్లె, ఈ పనిలకు వద్దామనుకునేటోళ్లకు నేను చెప్పేది ఇది. యూట్యూబ్‌ల కనెక్షన్ వీడియోలు వేలున్నయ్, అవి ఏ వైరు ఏడ పెట్టాలెనో సూపిస్తయ్. మీరు అంతకన్నా ముందు కాగితం మీద లోడు లెక్క నేర్చుకోండ్రి. మీ ఇంటిది వేయుండ్రి, తర్వాత మీ ఊరి బడిది, తర్వాత ఒక షాపుది. కరెంటు వచ్చే దారిని బొమ్మగ గీసుడు నేర్చుకోండ్రి: ట్రాన్స్‌ఫార్మర్, మీటర్, మెయిన్ ప్యానెల్, ఫ్లోర్ డీబీ, ఆఖరు సర్క్యూట్. ప్రతి మెట్టు కాడ వైరు సైజు ఎంత, దాని ముందు బ్రేకర్ ఎంత అన్నది రాసుకోండ్రి. కిందికి పోయేకొద్దీ వైరు సన్నగైతుంటే బ్రేకర్ కూడా చిన్నగ అయితున్నదా లేదా సూసుకోండ్రి.

పనిముట్లల్ల మూడింటికి పైసలు పెట్టుండ్రి. క్లాంప్ మీటర్, మంచి క్రింపింగ్ టూల్, మెగ్గర్. మెగ్గర్ ఒక్కరు కొనలేకపోతే నలుగురు కలిసి కొనుండ్రి. కరెంటు ఇయ్యకముందు 500 వోల్టుల మెగ్గర్ పెట్టి ఫేజుకు ఎర్త్‌కు, న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్యల కొలవాలె. ఒక మెగాఓమ్ కన్నా తక్కువ వస్తే ఎంత లొల్లి అయినా మెయిన్ వెయ్యొద్దు. జేబుల నియాన్ టెస్టర్ వెలగలేదు కాబట్టి కరెంటు లేదనుకునుడు బంద్ చెయ్యుండ్రి. మీటర్‌తోని కొలువుండ్రి, మెయిన్‌కు తాళం వేసుకుని తాళంచెవి మీ జేబుల పెట్టుకోండ్రి. మొదటి రెండు మూడేండ్లు లైసెన్స్ ఉన్నోళ్ల కింద చెయ్యుండ్రి, ఒంటరిగ ప్యానెల్ ముట్టొద్దు.

కూలి మాట్లాడుకునేటప్పుడు పాయింట్ల పక్కన ఇంకో రెండు లైన్లు రాయండ్రి: ఎర్తింగ్‌కు ఇంత, టెస్టింగ్‌కు ఇంత అని. మొదలు నవ్వుతరు. ఒకడు అడిగితే నవ్వుతరు, మండలంల ఇరవై మంది అడిగితే అది రేటు అయితది. హమాలీలు, డ్రైవర్లు సంఘం పెట్టుకుని రేట్లు మాట్లాడుకున్నట్టే వైరింగ్ పనోళ్లు కూడా కూసొని మాట్లాడుకోవాలె.

సర్కారును అడగాల్సినవి కూడా ఉన్నయ్. మంట జరిగి మనుషులు పోయిన ప్రతి కేసుల ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్ట్ జనం ముందట పెట్టాలె. మంట ఏ పాయింట్ కాడ మొదలైంది, వైరు సైజు ఎంత, బ్రేకర్ ఎంత, లోడు ఎంతకు మంజూరైంది, ఎంత వాడుతున్నరు, పని పూర్తయిందని సంతకం పెట్టింది ఎవలు. ఈ ఆరు ముక్కలు చెప్పకుండ 'షార్ట్ సర్క్యూట్' అంటే ఒప్పుకోవద్దు. జనం గుమిగూడే ప్రతి బిల్డింగ్ మెయిన్ ప్యానెల్ మీద కాంట్రాక్టర్ లైసెన్స్ నంబర్, టెస్ట్ చేసిన తారీఖు, మంజూరైన లోడు రాసి అంటించాలె. లిఫ్ట్‌ల ఎంతమంది ఎక్కాలెనో రాస్తున్నరు కదా, గట్లనే. దీనికి కోట్లు అక్కర్లేదు, ఒక రేకు ముక్క సాలు.

ఇప్పుడు మీ మండల కేంద్రంల కూడా ఏదో ఒక కాంప్లెక్స్ లేస్తనే ఉండి ఉంటది. స్లాబ్ పడ్డది, పైపులు వేసిండ్రు, ఇంకా వైరు గుంజలేదు అంటే ఇదే టైమ్. అండ్ల మీ చెల్లె చదివే కోచింగ్ సెంటర్ రాబోతున్నదైతే పోయి అడుగుండ్రి: లోడు లెక్క ఎవలు వేసిండ్రు, టెస్ట్ రిపోర్ట్ ఏది, దాని మీద సంతకం పెట్టేటాయన సైట్‌కు ఏ దినం వస్తడు? ఆ దినం మీరూ అక్కడ నిలబడుండ్రి. ప్లాస్టరింగ్ అయిపోయినంక గోడ లోపల ఏమున్నదో ఓనర్‌కు కూడా తెల్వది.